పళ్ళు పట్టి చూడలేని బండి

ఆళ్ళగడ్డలో లాల్ సాహెబ్‌ను మోసం చేసిన మనిషి ఇంతవరకు లేడు. ఆయన అంత తెలివైనవాడని కాదు, మోసం చేసేంత దగ్గరికి ఎవర్నీ రానివ్వడు కాబట్టి. పాలు పోసేవాడి క్యానులో వేలు ముంచి చూస్తాడు. కండక్టరు ఇచ్చిన టికెట్టును వెలుగుకు పెట్టి చదువుతాడు. ఎవరైనా పెళ్ళికి పిలిస్తే, మనల్నెందుకు పిలిచినట్టబ్బా అని పూటంతా ఆలోచిస్తాడు. పెళ్ళైన కొత్తలో భార్య హమీదాబీ, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగిందట. ఎందుకు అడుగుతున్నావని ఈయన ఎదురు ప్రశ్న వేశాడు. ఆమె ఆనాటితో అడగడం మానేసింది. ఉప్పు కూడా తన ఇష్టప్రకారమే వేస్తోంది.

ఈ గుణం ఆయనకు ఊరికే రాలేదు. వయసులో ఉన్నంతకాలం ఎద్దుల దళారీగా బతికాడు. నంద్యాల, డోన్, కొలిమిగుండ్ల, ఎక్కడ సంత జరిగితే అక్కడ తలగుడ్డ చుట్టుకుని తేలేవాడు. ఎద్దును అమ్మేవాడు ఎన్ని వేషాలు వేస్తాడో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ముసలిదాని కొమ్ములు గీకి నూనె రాస్తాడు. ఉప్పు నాకించి కడుపు ఉబ్బేదాకా నీళ్ళు తాగిస్తాడు. కుంటిదాన్ని మెత్తటి నేల మీదే నడిపిస్తాడు. లాల్ సాహెబ్ అవేవీ చూడడు. నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు, మెడ మీద కాడి ఒరుసుకున్న కాయను తడిమి ఎన్నేళ్ళు దున్నిందో చెబుతాడు.

అన్నిటికంటే పెద్ద పరీక్ష ఇంకొకటి ఉంది. సంతలో అమ్మేవాడు ఎద్దును పడుకోనివ్వడు. అరిగిపోయిన ఎద్దు నిలబడమంటే పొద్దంతా నిలబడుతుంది గానీ, ఒకసారి పడుకుందంటే తనంతట తాను లేవలేదు. అందుకని పెద్ద బేరాల్లో బయానాగా కొంత డబ్బు ముందే ఇచ్చి, ఒక రాత్రి ఎద్దును మన కొట్టంలో కట్టేసుకుని చూసుకునే పద్ధతి ఉండేది. మేత తింటుందా, నెమరు వేస్తుందా, పడుకున్నది తెల్లారి లేస్తుందా? లేచిందా, బేరం. లేవలేదా, పలుపు పట్టుకుని వెనక్కి తోలుకుపోవడమే.

తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, ఎద్దులు పోయాయి, సంతలు పలచబడ్డాయి. లాల్ సాహెబ్ దగ్గర అనుమానం ఒక్కటే మిగిలింది. దాన్ని ఎక్కడ వాడాలో తెలియక ఇంట్లో వాడటం మొదలుపెట్టాడు. అందులో ఎక్కువ భాగం కూతురు ఖుష్బూ మీద పడింది.

ఖుష్బూ కళ్ళు పరీక్ష చేసే కోర్సు చదివి, నంద్యాలలో ఒక కంటి ఆసుపత్రిలో చేరింది. రోజూ బస్సులో పోయి వచ్చేది. ఈమధ్య ఆసుపత్రివాళ్ళు ఆపరేషన్ల వేళ మార్చారు. తెల్లారకముందే రోగుల కళ్ళలో చుక్కలు వేసి సిద్ధం చేయాలి. ఆ వేళకు అందించే బస్సు ఆళ్ళగడ్డ నుంచి లేదు. ఒకటో తారీఖు నుంచి రాగలిగితే ఉండమ్మా, లేదంటే వేరే అమ్మాయిని చూసుకుంటామని పెద్ద డాక్టరు మర్యాదగానే చెప్పాడు. ఆ ఉద్యోగమంటే ఆ పిల్లకు ప్రాణం. కట్టు విప్పిన ముసలివాళ్ళు మొదట చూసేది తన ముఖమేనని తల్లితో ఎన్నిసార్లు చెప్పుకుందో.

మరి ఎట్లా? నంద్యాలలో హాస్టల్లో ఉంటానంది. లాల్ సాహెబ్ పోయి చూసి, ఆ వార్డెను మరీ నవ్వుతోంది, ఏదో ఉందని తిరిగొచ్చాడు. స్కూటీ అంటే హైవే మీద లారీలన్నాడు. ఆటో మాట్లాడుకుంటానంటే ఆటోవాడి చూపు బాగాలేదన్నాడు. ఖుష్బూ వాదించలేదు. ఆదివారాలు డ్యూటీ ఉందని చెప్పి నంద్యాలలో డ్రైవింగ్ స్కూలుకు పోయి, లైసెన్సు తెచ్చి తండ్రి ముందు పెట్టింది. ఆయన దాన్ని వెలుగుకు పెట్టి చూశాడు.

"పాత కరెంటు కారు ఒకటి అమ్మకానికి ఉండాది నాయనా. పెట్రోలు బండి అయితే నా జీతం దారికే సరిపోతాది. దుడ్లు నేను దాచుకున్నవే పెడతా. నువ్వు బండి చూసి చెప్పు, చాలు" అంది.

గట్టి పిల్ల. చూసి చెప్పమంటే ఆ మనిషి కాదనలేడని తెలుసు. అయినా ఆయన మొదట ఎగతాళి చేశాడు. ఇంజను లేదు, పొగ లేదు, శబ్దం లేదు. శబ్దం చేయకుండా తిరిగే బండిని నమ్మేదెట్ల అన్నాడు. టెంపో నడిపే మేనల్లుడు షోయబ్ వచ్చి కూర్చుని ఆ కార్ల సంగతులు చెబుతుంటే చెవి అటు పడేసి, ఒక్క మాట దగ్గర మాత్రం లేచి కూర్చున్నాడు. ఆ బండి ఏ క్షణాన ఎక్కడ నిలబడి ఉందో ఫోన్‌లో కనబడుతుందట.

"అంటే పాప యాడుండేదీ నా ఫోన్లో కనపడతాదా?"

"పాప కాదు మామా. బండి యాడుండేది కనపడతాది."

"అదేలే" అన్నాడు లాల్ సాహెబ్. మరునాడు పొద్దున, సరే చూద్దాం పదండి అన్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో షోయబ్ ఖుష్బూకు చెప్పేశాడు. ఆ పిల్ల ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండటం వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది.

కారు నంద్యాల నూనెపల్లెలో శాంతమ్మ టీచరుది. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ ఆసుపత్రిలోనే కళ్ళకు ఆపరేషన్ అయింది, ఎదురుగా వచ్చే లైట్లు తట్టుకోలేకపోతున్నానని బండి అమ్ముతోంది. ఆమె కళ్ళలో చుక్కలు వేసింది ఖుష్బూయే.

సోమవారం వస్తామని ఫోన్ చేయించి, లాల్ సాహెబ్ ఆదివారం పొద్దున్నే షోయబ్‌ను వెంటేసుకుని పోయి గేటు ముందు నిలబడ్డాడు. చెప్పిన రోజున పోతే కడిగి తుడిచి చూపిస్తారని సంత నేర్పిన తెలివి. శాంతమ్మ టీచరు బైబిలు చేతిలో పట్టుకుని చర్చికి బయలుదేరుతోంది. సోమవారమన్నారు కదా అంది. దారిలో పనిపడిందమ్మా అన్నాడు. ఇట్లాంటి జవాబులు వేలమంది పిల్లల నోట విన్న మనిషి, నమ్మినట్టు ఏమీ కనబడలేదు. కారు తాళం ఆయన చేతిలో పెట్టి, చూసుకుంటూ ఉండండి, ప్రార్థన అయ్యాక వస్తానని నడిచి వెళ్ళిపోయింది.

లాల్ సాహెబ్ తాళాన్ని తిప్పి తిప్పి చూశాడు. ముక్కూ ముఖం తెలియనివాడికి తాళం ఇచ్చి పోయేవాళ్ళు ఈ కాలంలో ఎవరుంటారు? ఏదో పెద్దదే దాచి ఉంటుందని పనిలో దిగాడు.

ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగానే ఉంది. టైర్ల మీద తయారైన తేదీ ఉంటుందని షోయబ్ చెబితే, నాలుగూ చదివించాడు. మూడు బండితో పుట్టినవే, ఒకటి కొత్తది. ఒక్కటే ఎందుకు మార్చినట్టు? కాళ్ళ కింది మ్యాట్లు ఎత్తి, ముక్కు ఆనించి వాసన చూశాడు. కుందూ ఏరు పొంగితే నంద్యాలలో ఏ వీధిలోకి నీళ్ళు వస్తాయో ఎవరికి తెలుసు, నీళ్ళలో మునిగిన కరెంటు బండి తర్వాత ఎప్పుడో ఒకప్పుడు ప్రాణం తీస్తుందని షోయబ్ భయపెట్టి ఉన్నాడు. బురద వాసన లేదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూశాడు, మట్టి మరక లేదు. చార్జింగ్ పెట్టే చోట మూత తీసి, లోపల కాలిన నలుపు ఉందేమోనని టార్చి వేసి చూశాడు. అదీ లేదు. చివరికి తలగుడ్డ నేల మీద పరిచి, వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. ఈ కార్లకు బ్యాటరీ కడుపు కింద ఉంటుంది. అక్కడ పొడుగ్గా ఒక గీత.

దొరికిందనుకున్నాడు. పళ్ళు పట్టి చూడటానికి వీల్లేని బండికి కడుపైనా దొరికింది. ఆ పూట ఆయన ముఖం విప్పారిన సందర్భం అదొక్కటే.

శాంతమ్మ టీచరు వచ్చాక ఒకటొకటే అడిగాడు. టైరు? గుంతలో పడి పగిలింది, మార్చాను. కింద గీత? స్పీడ్ బ్రేకర్ ఒరుసుకుంది, కంపెనీ వాళ్ళు పైకెత్తి చూసి లోపలికి దిగలేదన్నారు. ఫాస్ట్ చార్జింగ్ ఎన్నిసార్లు పెట్టారు? దూరం పోయినప్పుడే, లేదంటే ఇంటి ప్లగ్గే. ఆమె ఏదీ పొగడలేదు, ఏదీ నొక్కి చెప్పలేదు. అదే ఆయనకు నచ్చలేదు. అమ్మేవాళ్ళు పొగడాలి, కొనేవాళ్ళు తగ్గించాలి, అప్పుడు కదా మనిషి ఎక్కడున్నాడో తెలిసేది. బ్యాటరీ ఎంత ఆరోగ్యంగా ఉందో పరీక్ష చేయించిన కాగితం కూడా ముందు పెట్టింది.

"కాగితం ఎవరన్నా రాయొచ్చు టీచరమ్మా."

"అయితే మీరే తీసుకపోయి ఇంకోసారి చేయించుకోండి" అంది ఆమె.

చేయించాడు. వేరే చోట చేయించాడు. అదే వచ్చింది. ఆర్సీలో బ్యాంకు అప్పు తాలూకు మాట కొట్టేసి ఉందో లేదో షోయబ్‌తో ఆన్‌లైన్‌లో చూపించుకున్నాడు. బ్యాటరీ వారంటీ రెండో ఓనరుకు కూడా వర్తిస్తుందని ఖుష్బూ కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉన్న ఎద్దును ఆయన జన్మలో చూడలేదు. అందుకని ఇంకా అనుమానం పెరిగింది.

అప్పుడు ఆమె ఒక వింత పని చేసింది. ఈయన్నే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. మీ ఇల్లు ఎప్పుడు కట్టారు, బండి ఎక్కడ నిలబెడతారు, చార్జింగ్ పెట్టే ప్లగ్గుకు ఎర్త్ సరిగా ఉందా అని. లాల్ సాహెబ్ లోపల నవ్వుకున్నాడు. సంతలో ఇది ముసలి ఎత్తు. కొనేవాడు కాలు చూస్తుంటే అమ్మేవాడు మీ కొట్టం ఎంత పొడుగన్నా అని అడుగుతాడు, చూపు మళ్ళించడానికి. అట్లాంటప్పుడు మన దగ్గర ఏదైనా లేదని ఒప్పుకున్నామా, బేరంలో ఒక మెట్టు దిగినట్టే. దళారీ అనేవాడు ఏమడిగినా ఉందనే చెబుతాడు. ఎర్త్ అంటే ఏమిటో కూడా ఆయన ఆ క్షణాన ఆలోచించలేదు.

"మా ఇంట్లో అన్నీ సక్రమంగా ఉండాయి టీచరమ్మా. ఎర్త్ కూడా ఉండాది."

ఆమె ఆయన ముఖంలోకి ఒకసారి చూసింది. "సరే. మీరు చెప్తాండారు కాబట్టి నమ్ముతా" అంది.

చివరగా లాల్ సాహెబ్ తన పెద్ద పరీక్ష బయటికి తీశాడు. నిండా చార్జింగ్ ఉన్న బండిని ఎవరైనా నడిపిస్తారు, అది సంతలో నిలబడ్డ ఎద్దు. చార్జింగ్ అడుగంటేదాకా తోలి, దాన్ని పడుకోబెట్టాలి. సగం దాకా మంచిగా ఉండి, అడుక్కు వచ్చాక ఒక్కసారిగా జారిపోతే బ్యాటరీ అరిగినట్టు. ఆ తర్వాత ఒక రాత్రి తన కొట్టంలో పెట్టుకుని, మేత తిని లేస్తుందో లేదో చూసుకోవాలి. ఇదేం కోరికని తిడుతుందనుకున్నాడు. ఆమె మొదటిసారి నవ్వింది. ఆమె తండ్రి పగిడ్యాల దగ్గర సేద్యం చేసినవాడు. మా నాయన కూడా ఎద్దుల్ని అట్లనే ఇచ్చేటోడు, తోలుకపోండి అని తాళం మళ్ళీ చేతికిచ్చింది.

శనివారం మధ్యాహ్నం బండి నంద్యాల నుంచి కదిలింది. నేను నడుపుతా నాయనా అని ఖుష్బూ అడిగింది. ముందు బండి సంగతి తేలనీ అన్నాడు ఆయన. షోయబ్ నడిపాడు, ఈయన ముందు కూర్చున్నాడు, లైసెన్సు ఉన్న పిల్ల వెనక కూర్చుంది. ఏసీ నిండా పెట్టించాడు. శిరివెళ్ళ దాటింది, ఆళ్ళగడ్డ వచ్చింది, అయినా ఆపనివ్వలేదు. అహోబిలం దారి పట్టించి పైకీ కిందికీ తిప్పించాడు. తెర మీద అంకె వైపు, పిల్లి ఎలుక బొరియ వైపు చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. అది ఎక్కడైనా జారుతుందేమోనని చూపు తిప్పలేదు. జారలేదు. బుద్ధిగా ఒక్కొక్కటే తగ్గింది. ఇక చాలు, చార్జింగ్ పెట్టండని బండే మొత్తుకునేదాకా తోలించి, ఇంటి ఆవరణలోకి తెప్పించాడు. మనిషికి కొంచెం నిరాశగానే ఉంది.

అప్పటికి పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ అయింది. నమాజు చేసుకుని వచ్చి, పాత ఎద్దుల కొట్టం గోడకున్న ప్లగ్గులో తన చేత్తోనే తీగ పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. తీసి మళ్ళీ పెట్టాడు. ఎర్ర లైటే. తీగను వరండాలోకి లాగి అక్కడి ప్లగ్గుకు పెట్టారు. అదీ ఎర్రగానే.

లాల్ సాహెబ్ ముఖం వెలిగిపోయింది. ఇన్ని రోజులు వెతికింది దొరికింది కదా మరి. కూతురు వద్దు నాయనా, ఒక్క నిమిషం ఆగమంటున్నా వినకుండా ఫోన్ తీశాడు.

"పడుకున్నది లేయల్యా టీచరమ్మా. మేత ముట్టల్యా. చేతిలో బైబిలు పట్టుకొని ఇంత మోసం చేస్తారా?"

ఆమె, ఎర్త్ ఉందని మీరే చెప్పినారు కదా అంది, మెల్లిగా. ఎద్దు లేయకపోతే నేలదా తప్పు అని ఈయన ఫోన్ పెట్టేశాడు. పెట్టేసి, చూశారా అన్నట్టు చుట్టూ చూశాడు. షోయబ్ తల వంచుకున్నాడు. ఖుష్బూ నిలబడే ఉంది. కళ్ళలో నీళ్ళు లేవు, కోపం ఉంది.

"ఆమె కళ్ళకు నేను కట్టు విప్పినా నాయనా. ఇంగ ఆమె ముందర ఎట్ల నిలబడేది? ఒకటో తారీఖు బుధవారం. నీకు బండిలో తప్పు కావల్ల, దొరికింది. నా ఉద్యోగం పోయింది. సంతోషమేనా?"

ఆయన నిన్ను కాపాడినా అని ఏదో గొణిగి లోపలికి పోయాడు.

పొద్దున ఫజర్ నమాజు చేసుకుని బయటికి వస్తే ఆవరణలో బండి లేదు. రెండో తాళం ఆ టీచరమ్మ దగ్గరే ఉంది. ఫోన్లో చూసి మనిషిని పంపించి రాత్రికి రాత్రే తోలించుకుపోయిందా? పోయిందని చెప్పి దొంగతనం నా మీద కడుతుందా? గేటు దాటి వీధిలోకి పరిగెత్తాడు. పరిగెత్తి, నాలుగు అంగలు వేసి ఆగిపోయాడు.

బండి పక్కింటి రామేశ్వరమ్మ గారి కొత్త ఇంటి ముందు నిలబడి ఉంది. తీగ వాళ్ళ గోడకు ఉంది. బండి ముక్కు దగ్గర పచ్చ లైటు వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది. మెట్ల మీద ఖుష్బూ మోకాళ్ళకు చేతులు చుట్టుకుని కూర్చుని ఉంది.

మిగిలిన కాస్త చార్జింగ్‌తో తనే తోలుకుపోయింది. ఎద్దులబండి మాత్రమే పట్టే ఇరుకు గేటులోంచి, ఒక్క గీత పడకుండా వెనక్కి తీసింది. ఆ పిల్ల బండి నడపగలదని ఆయనకు అట్లా తెలిసింది. అది కూడా చూడకుండా తెలిసింది.

"వాళ్ళింటి కరెంటు ఏమన్నా వేరేనా?" అన్నాడు ఆయన, ఇంకా ఒప్పుకోబుద్ధి కాక.

జవాబు హమీదాబీ దగ్గరి నుంచి వచ్చింది. ఆమె వెనకాలే వచ్చి నిలబడి ఉంది. ఎన్నేళ్ళుగానో ఏమీ అనకుండా దాచుకున్నదంతా ఆ పొద్దున ఒక్కసారిగా అంది.

"మనింటికి కరెంటు పని జేసింది తిమోతి. యాదుందా? ఎర్త్ పెట్టల్ల, గుంత తవ్వి పైపు పాతి, ఉప్పూ బొగ్గులూ పోయల్ల అన్యాడు. కరెంటు పనికి వచ్చినావా, చేతబడి చేసేకి వచ్చినావా అని తరిమినావ్. ఆ గుంత ఆ పొద్దు తవ్వనిచ్చింటే నిన్న ఆ యమ్మను తిట్టే పని ఉండేది కాదు."

లాల్ సాహెబ్ రామేశ్వరమ్మ గారి మెట్ల మీద కూర్చుండిపోయాడు. నిజమే. ఉప్పు, బొగ్గులు భూమిలో పూడ్చి దుడ్లు అడుగుతున్నాడు, నన్నెంత అమాయకుణ్ణి అనుకున్నాడని ఆ రోజు ఊరంతా చెప్పుకున్నాడు కూడా. ప్లగ్గుకు మూడు రంధ్రాలున్నాయి. ఆ మూడోదాని వెనక తన ఇంట్లో ఏమీ లేదు. ఎర్త్ లేని చోట ఈ బండి చార్జింగ్ తీసుకోదు, అంతే సంగతి.

ఆయనకు సిగ్గు వేసింది. పాలక్యానులో వేలు ముంచే మనిషి, బండి కడుపు కిందికి దూరిన మనిషి, తన గోడలో ఏముందో చూసుకోలేదు. ఆమె మాత్రం కాగితం అడగలేదు, చెప్పకుండా వచ్చి గోడ తడిమి చూడలేదు. ఉందన్నాడు, నమ్మింది. ఈ బేరం మొత్తంలో అబద్ధం చెప్పింది ఒక్కడే, అది తనే.

తిమోతికి కబురు పోయింది. చర్చి అయ్యాక వచ్చాడు. పాతమాట ఎత్తలేదు గానీ, ఉప్పు బస్తా దించుతూ, సాహెబూ రొంత వేలు పెట్టి నాకి చూడు, ఉప్పేనో కాదో అన్నాడు. హమీదాబీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. లాల్ సాహెబ్ గడ్డపార అందుకుని గుంత తానే తవ్వాడు. పైపు పాతారు, బొగ్గులు పోశారు, ఉప్పు పోశారు, నీళ్ళు పోశారు. ఎండిపోతే మళ్ళా ఎర్ర లైటే, నీళ్ళు పోస్తాండాల అని తిమోతి చెప్పిపోయాడు. సాయంత్రం కొట్టం గోడకు తీగ పెడితే పచ్చ లైటు వెలిగింది.

సోమవారం నంద్యాలకు ఖుష్బూ నడిపింది. నేను ఒక్కదాన్ని పోయి, మన్నించమని చెప్పి తాళం ఇచ్చి వస్తా అంది. నేనూ వస్తా, తప్పు నాది అని ఆయన పక్కన ఎక్కాడు. ఊరు దాటేదాకా తలుపు పైనున్న పిడి వదల్లేదు. ముందు పోతున్న గడ్డిలారీని ఆ పిల్ల అద్దంలో చూసుకుని, తొందరపడకుండా దాటేసింది. శిరివెళ్ళ వచ్చేసరికి ఆయన చెయ్యి తొడమీదికి దిగింది. ఇంత బాగా నడుపుతుందని తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు, అదీ ఆయన బాధ.

సంతలో బేరం చెడితే తలగుడ్డ దులుపుకుని లేచిపోవడమే గానీ, క్షమించమని అడిగే పద్ధతి లేదు. అందుకని శాంతమ్మ టీచరు గుమ్మంలో ఆయనకు ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఎర్త్ ల్యాకుండె టీచరమ్మా. ఉండాదని చెప్పింది నేనే. తిట్టిందీ నేనే."

ఆమె కూర్చోమనలేదు. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. హోంవర్కు చేసినామని పిల్లోండ్లు అట్లనే చెప్తారు, వాళ్ళకైతే బెత్తం ఉండేది అంది. తర్వాత, "ఈ బండి మీకు అమ్మను సాహెబ్ గారూ" అంది.

ఖుష్బూ తాళం తీసి ఆమె ముందు పెట్టబోయింది. లాల్ సాహెబ్ తల వంచాడు. ఆ మాట తనకు దక్కాల్సిందేనని ఆయనకు తెలుసు, కానీ అది తగులుతున్నది తనకు కాదు.

"పాపకు అమ్ముతా" అంది శాంతమ్మ టీచరు. "కాగితాలన్నీ పాప పేరు మీదనే రాయల్ల. మీ సంతకం నాకు అవసరం ల్యా."

సంతకాలు అయ్యాయి. రెండో తాళం, చార్జింగ్ తీగ, కాగితాలు అన్నీ బల్ల మీద పెట్టింది. తర్వాత తన ఫోను తీసి, ఇందులో బండి ఎక్కడుందో కనబడుతుంది, నా దాంట్లోంచి తీసేస్తున్నాను, ఇక మీద ఎవరి ఫోన్లో పెట్టమంటారని అడిగింది.

లాల్ సాహెబ్ ఫోను అప్పటికే చేతిలో ఉంది. ఈ క్షణం కోసమే పొద్దున్నే నిండా చార్జింగ్ పెట్టుకుని వచ్చాడు. గుంత తవ్వినా, సిగ్గుపడినా, ఈ ఒక్క ఆశ మాత్రం లోపల అట్లాగే ఉంది. ఖుష్బూ తండ్రి వైపు చూడలేదు. ఏం జరుగుతుందో తనకు తెలుసన్నట్టు కిటికీలోంచి బయట నిలబడ్డ బండి వైపు చూస్తోంది. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల అట్లాగే ఎటో చూస్తూ నిలబడుతుంది. ఎందుకు అట్లా చూస్తుందో ఆయన ఇన్నేళ్ళకు కనిపెట్టాడు.

ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"పాపదాంట్లో పెట్టండి. ఒక్కదాంట్లోనే చాలు."

బుధవారం ఖుష్బూ చీకటితోనే బయలుదేరుతుందని తెలిసి, ఆయన నిద్రపోకుండా చెవులు రిక్కించి పడుకున్నాడు. గేటు తీసిన చప్పుడు, బండి కదిలిన చప్పుడు వినాలని. ఏమీ వినబడలేదు. ఎంతసేపటికీ వినబడక లేచి వచ్చి చూస్తే, కొట్టం ముందు చోటు ఖాళీగా ఉంది, గేటు దగ్గరగా వేసి ఉంది. శబ్దం చేయని బండి, చెప్పకుండానే పోయింది. ఆయన బకెట్టు నింపుకుని పోయి ఎర్త్ గుంతలో నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు.

హమీదాబీ టీ తెచ్చి ఇస్తూ, పాప చేరిందంటనా అని అడిగింది.

ఫోను కోసం జేబులోకి పోబోయిన చెయ్యి సగంలో ఆగింది. ఆయన టీ గ్లాసు అందుకున్నాడు.

"చేరింటాదిలే" అన్నాడు.